మెడ లేని బండి

పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి బండికి మెడ లేదు.

మిగతాదంతా ఉంది. టాంకు, వెనక చక్రం, నిన్ననే ఆరిన నల్ల రంగు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును ఊడదీసి గోడకు ఆనించారు. హ్యాండిలు తిరిగే ఆ గొట్టాన్ని మాత్రం ఎవరో రంపంతో కోసుకుపోయారు. వెనక కిటికీ బార్లా తెరిచి ఉంది.

"ఎవడ్రా వాడు?"

ఇనుపక్క అరుపుకి పక్కనున్న టైర్ల కొట్టతను పరుగెత్తుకొచ్చాడు.

వీధి వీధంతా ఆమెను ఇనుపక్క అనే పిలుస్తుంది. ముందు చక్రం బారెడు దూరాన, సీటు నేలకు మూరెడు ఎత్తున ఉండే చాపర్ బండ్లు కట్టడం ఆడదాని వల్ల కాదని పందేలు కాసిన వీధి అది. సాయంత్రం నాలుగింటికి రైడర్ల క్లబ్బు పెద్ద వస్తాడు. బండి నచ్చితే మరో ఆరు బండ్ల పని ఆమెది. నచ్చకపోతే ఎదురు షెడ్డుది.

"ఇంకెవరు, ఆ ఎదురు షెడ్డు వాడే!" అన్నాడు టైర్ల కొట్టతను.

"వాడి కోత ఎలుక కొరికినట్టుంటుంది. ఇది చూడు. రంగు మీద గీత కూడా పడలేదు. పని తెలిసిన చెయ్యి ఇది."

"అయితే ఆ గేటు మనిషి?"

ఇనుపక్క తల తిప్పింది.

వారం రోజులుగా ఒకడు గేటు దగ్గర నిలబడి లోపలికి చూసి పోతున్నాడు. మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు. ఎవరని బాబాయిని అడిగితే, "పనీపాటా లేనివాడు తల్లీ" అన్నాడు. బాబాయి అంటే వాళ్ళ నాన్న కాలం నాటి వెల్డరు. ఆ షెడ్డులో అతుకులన్నీ ఆయనవే.

తొమ్మిదింటికి గేటు మనిషి అలవాటుగా వచ్చాడు. ఇనుపక్క కాలరు పట్టుకుని లోపలికి లాగింది.

"మెడ ఏది?"

అతను కోసిన పైపుల్ని చూశాడు. మూలన నిలబడ్డ బాబాయిని చూశాడు.

"నేనే కోశాను."

"ఎందుకు?"

"కొయ్యాలనిపించింది."

"ఎవడు పంపాడు నిన్ను?"

"నన్ను పంపేవాడు ఇంకా పుట్టలేదు."

టైర్ల కొట్టతను చెయ్యెత్తాడు. అతను తల వంచలేదు.

"కొట్టండి. పోలీసుల్ని పిలుస్తారా, పిలవండి. మెడ మాత్రం రాదు."

"పోలీసులంటే నా సాయంత్రం స్టేషన్లోనే గడిచిపోతుంది." ఇనుపక్క ఫోన్లో అతని ఫొటో తీసి ఊళ్ళోని షెడ్లన్నిటికీ పంపింది. "పో! ఇక ఈ ఊళ్ళో నీకు నట్టు బిగించే పని కూడా దొరకదు."

"దొరక్కపోతే ఇంకో ఊరు లేదా ఏం?"

సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. టైర్ల కొట్టతను వెంటబడి, పదింటి బస్సు ఎక్కేదాకా చూసొచ్చాడు.

"పీడ వదిలింది. కానీ అక్కా, నాలుగింటికల్లా బండి ఎలా?"

"మెడ పోతే ఇంకో మెడ పెడతాం. తల మాత్రం వంచం."

ఇనుపక్క లేతు మిషను మీద కొత్త గొట్టం కోసింది. వాలు కొలిచింది. తిండి మాట మరిచిపోయింది. రెండింటికి ఫ్రేము ముందు నిలబడి చెమట తుడుచుకుంది.

"బాబాయ్, అతుకు పెట్టు."

బాబాయి ముఖానికి వెల్డింగు అద్దం పెట్టుకున్నాడు. తీసేశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏమిటి బాబాయ్, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఆ సిగ్గు?"

ఆయన నవ్వలేదు. తన సంచీలోంచి గుడ్డమూట తీసి బల్ల మీద విప్పాడు. నల్ల రంగు మెడ.

పైకి అతుకు ముత్యాల పేరులా ఉంది. ఇనుపక్క తిప్పి లోపలివైపు చూసింది. చుట్టూ సగం మేర ఇనుము ఇనుముతో కలవలేదు. సందులో గోరు దూరింది.

ఆమె మెడను బల్ల మీద పెట్టింది. తర్వాత క్లబ్బు పెద్దకు ఫోన్ చేసింది.

"నాలుగింటికి రాకండి. బండి లేదు."

"ఆరు బండ్లూ ఎదురు షెడ్డుకి పోతాయమ్మా," అంది అవతలి గొంతు.

"పోనివ్వండి. ఇలాంటి అతుకు మీద మనిషిని కూర్చోబెట్టను."

ఫోన్ పెట్టేసి బాబాయి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు."

"నేనే కోశాను తల్లీ. ఏడాదిగా నాకు చూపు ఆనడం లేదు. అలవాటు మీద చేతులు నడుస్తున్నాయి. నిన్న మెడలోకి బేరింగు దించుతూ సుత్తి వేస్తుంటే గేటు దగ్గర్నుంచి వాడు, 'అన్నా, ఆ మోత బాగోలేదు, లోపల అతుకు పట్టినట్టు లేదు' అన్నాడు. నోర్ముయ్యమన్నాను. నువ్వు ఇంటికెళ్ళాక తట్టి చూసుకుంటే వాడన్నదే నిజం. ఏదో ఒక గుంతలో ముందు చక్రం ఊడి మనిషి పోయేవాడు. నీకు చెప్పడానికి నోరు రాలేదు. కోసేసి, దొంగలనుకుంటావని కిటికీ తీసిపెట్టాను. పొద్దున నువ్వు కాలరు పట్టుకున్నప్పుడు వాడు ఒక్కసారి నా వైపు చూశాడు. వాడికి అంతా అర్థమైపోయింది. వాడు పనీపాటా లేనివాడు కాదు తల్లీ, వెల్డరు. పని ఇప్పించమని మొదటిరోజే నన్ను అడిగాడు. నీ దాకా రానివ్వకుండా వారం రోజులు గేటు దగ్గరే ఆపాను. పొద్దున వాడు ఒక్క నిజం చెప్పుంటే, నా పని వాడిదే అయ్యేది."