జేబులో కాగితం

రాతలో తప్పులుంటే మన్నించాలి. అక్షరాలు వంటబట్టి రెండేళ్ళే అయింది, చెయ్యి ఇంకా నిదానం. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది. ఇందులో కొంత చూసింది, కొంత కౌన్సిలరు ఇంట్లో విన్నది.

“తెల్ల చొక్కా ఏదే?”

కౌన్సిలరు బనీనుతో ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గోడ గడియారం తొమ్మిదింపావు చూపిస్తోంది. పదింటికి మున్సిపల్ హాల్లో సమావేశం.

“బీరువా నిండా చొక్కాలేగా, ఏదో ఒకటి తగిలించుకోండి,” అంది భార్య వంటింట్లోంచి.

“నిన్న వేసుకున్నదే కావాలి!”

“అది నిన్న సాయంత్రమే ఇస్త్రీకి పంపించేశాను.”

“కొంప ముంచావు! జేబులో ఉపన్యాసం ఉంది!”

“మీ జేబులు వెతకడం కూడా నా పనేనా? అయినా ఒకసారి చదువుకునుంటే అంతా బుర్రలోనే ఉండేది కదండీ.”

ఆ మాట సూటిగా తగిలింది. గుమాస్తా కాగితం తెచ్చిస్తే చదవకుండానే జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడూ అంతే. తయారు చేసేది గుమాస్తా, చదివేది తను. పోయిన ఎన్నికల్లో గాలి మారిందని గుమాస్తా ఆఖరి నిమిషంలో ఉపన్యాసం మొత్తం మార్చేశాడు. వేదికెక్కి సగం చదివేదాకా తను ఎవరి పక్షమో తనకే తెలియలేదు. కానీ గెలిచాడు.

ఈసారి పక్షం తెలుసు. కాలేజీ గోడ వెంట ఉన్న ఎనిమిది తోపుడు బళ్ళూ లేపించి, ఆ చోటు కార్లకి ఇమ్మని కాలేజీ వాళ్ళు అడిగారు. కౌన్సిల్లో అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఏడోవాడు తను. సరేనని కాలేజీ సెక్రటరీకి మాటిచ్చేశాడు. ఇచ్చిన దగ్గర్నించీ కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే కూర్చోవాలనిపిస్తోంది.

భుజాన తువ్వాలు వేసుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఆ వరుసలో మొదటిది ఇస్త్రీ పెద్దమ్మ బండి. భర్త పోయి నెల తిరక్కుండానే ఆమె ఇస్త్రీ పెట్టె పట్టుకుంది. ఇరవై రెండేళ్ళయినా వదల్లేదు.

“అయ్యో బాబూ, బనీనుతోనే వచ్చేశావా! ఇలాగే వెళ్ళు, ఓట్లన్నీ నీకే పడతాయి.”

“ఎగతాళి తర్వాత. జేబులో కాగితం...”

“జేబులోనే ఉంది, తడుముకో,” అంటూ చొక్కా అందించింది.

తడుముకున్నాడు. మడత చేతికి తగిలింది. ప్రాణం లేచొచ్చింది. జేబులో దొరికింది జేబులోకే పోవాలన్నది ఇస్త్రీ వాళ్ళ కట్టుబాటు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

చొక్కా అక్కడే తొడుక్కుంటుంటే ఆమె వేలి మీద నీలి సిరా కనిపించింది. బళ్ళవాళ్ళ అర్జీ మీద వేలిముద్ర వేసుంటుంది అనుకుని ముఖం తిప్పుకున్నాడు.

“ఇవాళ మా సంగతి తేలిపోతుందటగా?”

“చూద్దాం పెద్దమ్మా.”

“నువ్వేం చెబుతావో వినడానికి నేనూ వస్తున్నా. ఆ పై గుండీ పెట్టుకో.”

హాలు కిటకిటలాడుతోంది. ఒక పక్క కాలేజీ పిల్లలు, ఇంకో పక్క బళ్ళవాళ్ళు. ముగ్గురు అలా మాట్లాడారు, ముగ్గురు ఇలా మాట్లాడారు. అతని వంతు వచ్చింది.

కాగితం విప్పాడు. అక్షరాలు ఒకటి ఎగువకి, ఒకటి దిగువకి. ఈ గుమాస్తా దీన్ని ఏ బస్సులో కూర్చుని రాశాడో!

“కాలేజీకి కార్లు పెట్టుకునే చోటు కావాలి. నిజమే. ఆ గోడ వెంట ఎనిమిది బళ్ళున్నాయి. అదీ నిజమే. ఈ ఊళ్ళో చదివి ఉద్యోగానికి బయల్దేరిన ప్రతి పిల్లాడి చొక్కా ఆ గోడ పక్కనే మడత పడింది. పట్టాలిచ్చే రోజు నల్ల గౌన్లు అక్కడే ఇస్త్రీ అయ్యాయి...”

ఇదేమిటి, బండి ఇటు తిరుగుతోంది? తలెత్తి చూశాడు. వెనక వరుసలో గుమాస్తా లేచి నిలబడి రెండు చేతులూ ఊపేస్తున్నాడు. కానివ్వండి అంటున్నాడు కాబోలు. అంటే గాలి మళ్ళీ మారిందన్నమాట!

“నేను తొడుక్కున్న ఈ చొక్కా కూడా ఇవాళ పొద్దున అక్కడి నుంచే వచ్చింది.”

జనం గొల్లున నవ్వారు. పిల్లలు ఈలలు వేశారు. కాలేజీ సెక్రటరీ ముఖం మాడిపోయింది. ఇక ఆగితే తన ఉపన్యాసం తనకే తెలియదని బయటపడుతుంది.

“కార్లకి ఆటస్థలం వెనక చోటుంది. మాకు ఇంకో చోటు లేదు.”

‘మాకు’ అని ఎందుకు రాశాడో అర్థం కాలేదు. కానీ ఆ ఒక్క మాటకి హాలంతా లేచి నిలబడింది.

చేతులు లెక్కపెట్టారు. నాలుగు, మూడు. బళ్ళు ఉండిపోయాయి.

వరండాలోకి వచ్చేసరికి గుమాస్తా పాలిపోయిన ముఖంతో ఎదురొచ్చాడు. కౌన్సిలరు అతని భుజం తట్టాడు.

“గాలి మారిందని ముందే ఒక్క ముక్క చెప్పొద్దటయ్యా? గుండె ఆగినంత పనైంది! పోనీలే, బ్రహ్మాండంగా రాశావు. చేతిరాతే, కోడి కెలికినట్టు...”

“చేతిరాతేంటి సార్?” అన్నాడు గుమాస్తా. “నేనిచ్చింది టైపు కాగితం.”

— ఇస్త్రీ పెద్దమ్మ, వయసు అరవై రెండు, ఉండేది ఇప్పటికీ ఆ గోడ పక్కనే.