పాసైన బోల్టు

"ఆ బోల్టు విరిగితే?" అంది ఆఫీసరుగారి భార్య, జెయింట్ వీల్ ఇంకా తిరగడం మొదలుపెట్టకముందే.

"ఏ బోల్టు?"

"ఏదో ఒకటి. లోపల కల్తీ ఇనుము ఉంటే పైకి తెలుస్తుందా?"

కుక్కర్ కూత పెట్టినా వంటింట్లోంచి బయటికొచ్చి నించునే మనిషి ఆవిడ. ఇంట్లో అయితే ఆయన విననట్టు ఊరుకునేవాడే. కానీ ఇక్కడ మైదానంలో పక్కన వీల్ ఓనరు ఉన్నాడు, వెనక టిక్కెట్ల కోసం జనం ఉన్నారు, వీల్‌కి అనుమతి ఇవ్వాల్సిన భద్రతా ఆఫీసరు తనే. గొంతు సవరించుకున్నాడు.

"పరీక్ష చేయించకుండా వదులుతానా? స్పార్క్ పరీక్ష. ఇనుములో ఏముందో కడుపులో మాటతో సహా కక్కిస్తుంది."

ఓనరు మొహం వేలాడేశాడు. "సార్, సాయంత్రం తిప్పుకోవాలి."

"తిప్పుకుందువుగాని. బోల్టు మాత్రం నేను చూపించిందే తియ్యి. నిన్ను తెమ్మంటే జేబులోంచి కొత్తది తీసిస్తావు."

ఆయన వేలు ఎర్రతొట్టి మీద ఆగింది. ఆ తొట్టిని వీల్‌కి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. ఓనరు నిచ్చెన వేసుకుని వాటిలో ఒకటి ఊడదీశాడు.

లాబ్‌లో అమ్మాయి దాన్ని అందుకోవడం, రంపం కింద పెట్టి రెండు ముక్కలు చెయ్యడం ఒకేసారి జరిగిపోయాయి.

"అదేంటమ్మా, కోసేశావు?" అన్నాడు ఓనరు.

"చదునుగా సానబట్టిన ముఖం ఉంటేనే స్పార్క్ సరిగ్గా పడుతుందండీ. ఒక్కో లోహం ఒక్కో రకంగా వెలుగుతుంది. ఆ వెలుగుని బట్టి ఏది ఎంతుందో యంత్రం చెబుతుంది."

ముక్కని సానబట్టి, యంత్రం నోటికి ఆనించి మూత బిగించింది. గ్యాసు బుస్సుమంది. లోపల చిటపటలాడింది. ముక్క మీద నల్లటి మచ్చ పడింది, తెర మీద అంకెలు వచ్చాయి.

"కార్బన్ సరిపోయింది. క్రోమియం సరిపోయింది. మాలిబ్డినం కూడా ఉండాల్సినంత ఉంది."

"మాలిబ్డినం ఇంకాస్త పడాల్సింది," అన్నాడు ఆఫీసరు, ఆ పేరు మొదటిసారి వింటూ.

"ఉప్పు కాదు సార్, పైన చల్లడానికి," అంది అమ్మాయి.

సాయంత్రం ఆయన మైకు అందుకున్నాడు. బోల్టు ముక్కలు రెండూ పైకెత్తి జనానికి చూపించాడు. ఇంత గట్టి ఇనుము తన హయాంలోనే సాధ్యమైందన్నట్టు మాట్లాడాడు. చప్పట్లు పడ్డాయి. ఆ ఊపులో భార్య చెయ్యి పట్టుకుని వీల్ దగ్గరికి నడిపించాడు.

"పచ్చతొట్టి ఎక్కుదామండీ."

"పిచ్చిదానా, పరీక్ష అయింది ఎర్రతొట్టికే. దానికి మించిన భద్రమైన చోటు ఈ మైదానంలోనే లేదు."

వీల్ కదిలింది. ఆవిడ కళ్ళు మూసుకుని కడ్డీ పట్టుకుంది. కాస్త పైకి లేచాక ఒక కన్ను తెరిచింది.

"ఏమండీ, ఇది నావైపు వాలుతోంది."

"వాలదూ మరి? అద్దంలో ఎప్పుడైనా చూసుకున్నావా?"

"నా బరువు సంగతి తర్వాత. ఏదో కిర్రుమంటోంది."

ఆవిడ నోరు మూయించడానికి ఆయన జేబులోంచి ముక్కలు తీసి ఒళ్ళో పడేశాడు. "ఇదిగో, చూసుకో. నల్లమచ్చ కనిపిస్తోందా? పాసయింది. ఇక నోరెత్తకు."

ఆవిడ ఒక ముక్క తీసుకుంది. రెండోది తీసుకుంది. రెండూ కలిపి పెట్టి చూసింది. తర్వాత తలపైకెత్తి తొట్టి వేలాడే చోటు చూసింది.

"ఇది ఇక్కడుంటే, అక్కడేముందండీ?"

ఆయన మొహం మీద నవ్వు తీసేయడం మర్చిపోయినట్టు అలాగే ఉండిపోయింది. తొట్టి అంచు మీంచి మెల్లగా కిందికి వంగి అరిచాడు.

"ఓనరూ, తీసిన బోల్టు చోట ఏం పెట్టావు?"

ఓనరు ఇంజను ఆపాడు. ఎర్రతొట్టి అన్నిటికన్నా పైన ఆగింది. కింద జనం తలలెత్తారు. మైకులో పాట కూడా ఎవరో ఆపేశారు. ఓనరు పైకి చూశాడు, నేలవైపు చూశాడు, మళ్ళీ పైకి చూశాడు. ఆవిడ పిడికిట్లో ముక్కలు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్నాయి.

చివరికి ఓనరు నోటికి రెండువైపులా చేతులు పెట్టుకుని అరిచాడు.

"ఖాళీగానే ఉంచాను సార్. కొత్తది పెడితే దాన్నీ ఊడదీయించి కోయిస్తారని."