తలకింత చల్లదనం

ఏసీ మళ్లీ ఆగిపోయింది.

ఆమె గబగబా కిటికీ తెరలు మూసి, తడిపిన దుప్పటి వాటికి అడ్డంగా కట్టింది. మంచం మీదున్న భర్త మొహం తడిబట్టతో తుడిచి, జుట్టు సరిచేసింది. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది మొదలు ఆయన లోకమంతా ఆ మంచమే.

“కాస్త ఓపిక పట్టండి. అమ్మాయి బయల్దేరింది,” అని ఆయనతో చెప్పి ఫోన్ అందుకుంది.

ఆ అపార్ట్‌మెంట్లన్నీ ఒకే కంపెనీవి. అద్దె కట్టడం దగ్గర్నుంచి తలుపు తాళం దాకా అన్నీ ఆ కంపెనీ యాప్‌లోనే. తమ భవనాల వల్ల గాల్లో కలిసే కర్బనాన్ని ఈ ఏడాది సగానికి సగం తగ్గిస్తామని కంపెనీ లోకానికంతటికీ మాటిచ్చింది. కింద లిఫ్టు పక్కన ఆ మాట పచ్చటి అక్షరాల్లో మెరుస్తూ ఉంటుంది. నిలబెట్టే భారం మాత్రం అద్దెకున్నవాళ్ల మీద పడింది. ఇంట్లో ఎన్ని తలలుంటే అన్ని వాటాల చల్లదనం. తలలు లెక్కపెట్టడానికి గదిగదికీ ఒక సెన్సార్. వాటా అయిపోతే ఏసీ ఆగిపోతుంది, బయట నిప్పులు కురుస్తున్నా సరే.

“మీ వాటా అయిపోయిందండీ,” అంది హెల్ప్‌లైన్ అమ్మాయి. “ఇంట్లో ఒక్కరే కదా ఉన్నారు.”

“ఒక్కరేమిటమ్మా? ఇద్దరం.”

“సెన్సార్ పొద్దుటి నుంచి ఒక్కరినే చూపిస్తోందండీ.”

“అది పాడైపోయుంటుంది. మా ఆయన నా కళ్లెదురుగానే ఉన్నారు.”

“అయితే సార్‌ని ఒక్కసారి మాట్లాడమనండి.”

“మాట్లాడలేరు.”

“పోనీ, వీడియోలో చెయ్యి ఊపమనండి.”

“పక్షవాతమమ్మా. నాలుగు నెలలైంది మంచాన పడి.”

అవతలి గొంతు మెత్తబడింది. “అయ్యో, ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ! జబ్బుపడ్డవాళ్లకి మినహాయింపు ఉంది. డాక్టరుగారి చేత ఒక్క మాట చెప్పించండి. ఈ క్షణమే ఆన్ చేయిస్తాను.”

డాక్టరు పొద్దున్నే వచ్చి చూసి వెళ్లాడు. ఆయన నంబరు ఫోన్‌లోనే ఉంది.

“లైన్‌లో ఉన్నారా అమ్మా?”

ఫోన్ పెట్టేసి కింద కూలబడింది.

ముప్పై ఏళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి ఆమె. ఎవరెంత కాళ్లావేళ్లా పడ్డా టికెట్ లేకపోతే దింపేసేది. ఆ గొంతు వింటే పెట్టె అంతా హడల్. ఇప్పుడదే గొంతు ముక్కుపచ్చలారని పిల్లని బతిమాలి బతిమాలి పూడుకుపోయింది.

ఎదురింటి డ్రైవింగ్ మాస్టారు తలుపు తోసుకుని వచ్చాడు.

“వదినగారూ, ఆసుపత్రివాళ్లేమన్నారు?”

“చోటు లేదన్నారు. ఈ ఎండలకి అంతా నిండిపోయిందట. చోటున్నా నేను పంపను మాస్టారూ. అమ్మాయి వచ్చేసరికి ఆయన ఈ ఇంట్లో, ఈ మంచం మీదే ఉండాలి.”

అంతలో ఏసీ గుర్రుమంటూ మొదలైంది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

“నా తలని కూడా లెక్కేసుకున్నట్టుంది,” అన్నాడాయన.

ఆమె మాస్టారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఆ తలని కాసేపు నాకు అరువివ్వండి. మీకు పుణ్యముంటుంది.”

మాస్టారు కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఎంతోసేపు కాలేదు, భార్య నుంచి ఫోన్.

“ఎక్కడికెళ్లి కూర్చున్నారు? మీరటు వెళ్లగానే ఇక్కడ ఏసీ ఆగింది. పిల్ల ఒళ్లంతా చెమటకాయలు!”

ఆయన తల దించుకుని లేచాడు. ఆమె ఆపలేదు. ఏ మొహం పెట్టుకుని ఆపుతుంది? పసిపిల్ల నోటి దగ్గరది లాక్కోవడమే కదా.

ఆయన వెళ్లాడు. ఏసీ ఆగింది.

ఫ్రిజ్‌లో ఉన్న మంచుముక్కలన్నీ గుడ్డల్లో మూటగట్టి భర్త పక్కన పేర్చింది. అవి చూస్తుండగానే నీరుగారిపోతున్నాయి. అట్టముక్కతో విసిరి విసిరి చేతులు పడిపోయాయి.

“నా వల్ల కావట్లేదండీ,” అని బావురుమంది.

తలుపు చప్పుడైంది. మాస్టారు, వెనకాలే చంకలో పిల్లతో ఆయన భార్య.

“ఎక్కడున్నా మా తలలు మూడే కదక్కా! ఇక్కడే ఉంటాం,” అంది ఆవిడ. పిల్లని మాత్రం గదిలోకి తీసుకురాకుండా హాల్లోనే కూర్చుంది. కబురెలా పాకిందో, పై అంతస్తు నుంచి నర్సు, కింద నుంచి చెప్పుల షాపాయన కూడా ఇళ్లకి తాళాలు వేసుకుని వచ్చేశారు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఏసీ మాత్రం ఆగకుండా తిరిగింది.

ఈసారి కంపెనీ నుంచే ఫోన్ వచ్చింది.

“అమ్మా, మీ ఇంట్లో ఉన్నట్టుండి ఆరుగురిని చూపిస్తోందండీ!”

“ఏడుగురం,” అంది ఆమె. గొంతు టికెట్లు అడిగిన నాటిలాగే ఖంగుమంది.

పొద్దువాలుతుండగా అమ్మాయి వచ్చింది. అందరూ లేచి దారిచ్చారు. చేతిలో సంచి గుమ్మంలోనే జారిపోయింది.

కూతురు మంచం అంచున కూర్చుని, తండ్రి చల్లటి నుదుటికి చెంప ఆనించి, “తెల్లవారుజామున ప్రాణం పోయేముందు నాన్న నా కోసం చూశాడా అమ్మా?” అంది.