చౌడప్ప లాయరు కుర్చీ

మదనపల్లె కోర్టు వీధి ప్రజలందరికీ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సీనియర్ లాయరు చౌడప్ప గారి కుర్చీ ఆఫీసు మారడం లేదు. కాబట్టి చౌడప్ప కూడా మారడం లేదు.

బెంగుళూరు నుంచి పెద్ద లా ఆఫీసోళ్లు పిలిచినారు. చౌడప్ప కుర్చీ ఆటోకెక్కిస్తాంటే ఆఫీసు ఓనరు షబ్నం మేడమ్ వాకిలికి అడ్డం నిలబడింది. ఆ కుర్చీ మేడమ్ నా పాతసామాన్ల అంగట్లో కొన్నదే. పూర్వం దాంట్లో హైకోర్టు జడ్జి కూర్చునేటోడని పేరు.

"నువ్వు పోప్పా. కుర్చీ ఈడ పెట్టి పో. కేసులు గెలిపిస్తాండేది అదే!"

"మరి ఇన్నేండ్లూ కోర్టులో అరిసింది ఎవురు మేడమ్, కుర్చీనా?"

"నువ్వు అరిసేది నేనూ ఇంటాండా లేప్పా!"

రోషమొచ్చి చౌడప్ప బెంగుళూరుకు ఫోన్ కొట్టినాడు. ఒంటిగా వస్తానన్నాడు.

"కుర్చీ లేకుండా మీరొచ్చి ఏం జేస్తారు సార్?" అన్నారు వాళ్లు.

పాపం, కుర్చీని మళ్లీ లోపలికి మోసుకుని, దాంట్లోనే కూలబడినాడు.

ఇందులో ఆ జడ్జి ఒక్కడే, కుర్చీ అమ్ముకునేదానికి నేను అల్లినోడు. అది పుంగనూరులో మూతబడిన సినిమాహాల్లో టికెట్లు చించేటోడి కుర్చీ. గెలిచిన కేసులన్నీ చౌడప్ప నోటితో గెలిచినవే.

ఆ మాట చెబుదామనే పోయినా. అంతలో షబ్నం మేడమ్ అట్లాంటివే ఇంకో అరడజను ఆర్డరిచ్చింది.