రాడ్డు కింద వెలుగు

తొమ్మిదో రాడ్డు కింద కూడా వెలుగు కనిపించింది.

అల్లాబక్షు దాన్ని పక్కన పెట్టి పదోది తీసుకున్నాడు. బల్ల మీద పరిచిన పలచటి గాజు పలక నడుమ దాన్ని పడుకోబెట్టి, నడుం వంచి, కన్ను పలక అంచుకు తెచ్చి చూశాడు. తిన్నని రాడ్డయితే గాజుకు అతుక్కున్నట్టుండాలి. కింద సన్నటి వెలుగు తొంగిచూసిందంటే వంగినట్టే. అద్దంకిలో షెడ్డు పెట్టిన నాటి నుంచీ అతను నమ్మిన పద్ధతి అదొక్కటే.

పదహారూ చూశాడు. పదహారింటి కిందా వెలుగే.

"ఇవి కూడానా మేస్త్రీ గారూ?" అన్నాడు రఘురామ్.

రఘురామ్ గుంటూరులో ఎముకల డాక్టరు. షెడ్డులో నిలబడ్డ ఎర్ర స్పోర్ట్స్ కారు అతనిదే. హైవే మీద జోరులో ఐదో గేరు వెయ్యబోయి మూడో గేరు వేస్తే ఇంజన్ పట్టుతప్పి తిరిగింది. వాల్వులను నెట్టే పుష్‌రాడ్లు ఇంజన్ లోపల చీపురుపుల్లల్లా వంగిపోయాయి. గుంటూరులో చూపిస్తే, ఈ కాలపు కార్లకు అసలు పుష్‌రాడ్లే ఉండవన్నారు. ఉండేది పాత ట్రాక్టర్లకీ, ఈ అమెరికా బండికీనట. ట్రాక్టర్లంటే అల్లాబక్షే అని ఎవరో చెబితే ఇక్కడికి తెచ్చాడు.

కొత్త రాడ్లు అమెరికా నుంచి వచ్చాయి. అల్లాబక్షు వెలుగు చూసి తిప్పి పంపాడు. నెల తర్వాత వచ్చిన రెండో సెట్టు ఇది.

ఒక్కో రాడ్డునూ మిషను మీద కొలిచి సీలు వేశామని కంపెనీ వాళ్ళు చెబుతున్నారన్నాడు రఘురామ్. ఇప్పుడు సరుకే చెడిపోయిందని అల్లాబక్షు గొణిగాడు. పదకొండేళ్ళుగా అతను అంటున్న మాటే అది. ఏ కంపెనీ రాడ్లు వచ్చినా నాలుగైదు సెట్లు తిప్పి పంపి, వెలుగు తక్కువున్నవి ఏరి బిగిస్తున్నాడు.

రఘురామ్ బల్ల మీది రాడ్డొకటి తీసి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఏమీ అనుకోకండి. ఒకసారి కళ్ళు చూపించుకోకూడదా?"

అల్లాబక్షు రాడ్లన్నీ మళ్ళీ పెట్టెలో సర్దాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట చెబితే జహీరున్నీసా మొగుడి వంక చూడకుండా పళ్ళెంలో అన్నం పెట్టింది.

"మా తమ్ముణ్ణి నువ్వన్న మాటే, తిరిగి నీకొచ్చింది," అంది.

ఆమె తమ్ముడు సిలార్ ఆ షెడ్డులో ఇరవై ఏళ్ళు అల్లాబక్షు పక్కన పనిచేశాడు. పదకొండేళ్ళ కిందట గుండ్లకమ్మ ఏరు పొంగి మూడు రోజులు షెడ్డులో నీళ్ళు నిలిస్తే, బావా బావమరుదులిద్దరే బురద ఎత్తిపోసి, బల్లలూ సామానూ ఎండబెట్టుకున్నారు. ఆ నెలలోనే బుల్లయ్య అనే రైతు ట్రాక్టరు విప్పారు. సిలార్ కొత్త రాడ్లను అరచేతుల మధ్య తిప్పి చూసి, తిన్నగా ఉన్నాయన్నాడు. అల్లాబక్షు గాజు మీద పెడితే వెలుగు కనిపించింది.

"నీ కళ్ళు పోయినయ్‌రా. కళ్ళు లేనోడికి ఇంజన్ దగ్గర పనేంది?" అన్నాడు, పదిమంది రైతుల ముందు.

సిలార్ స్పానరు కింద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ ఇంజన్ మీదా చెయ్యి వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే అల్లాబక్షు పర్చూరు వెళ్ళాడు. సిలార్ వసారాలో కూర్చుని మిర్చి గోతాలు కుడుతున్నాడు. లావుపాటి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ఒక్క పోటుకే సూదిలో దారం ఎక్కించాడు. బావను చూసి గబగబా అద్దాలు కిందికి దించుకున్నాడు.

"నా కళ్ళు కూడా పోయినట్టున్నయ్ సిలారూ," అన్నాడు అల్లాబక్షు. "ఆ రోజు నేనట్టా అనకుండా ఉండాల్సింది."

"నువ్వన్నది నిజమే గదా బావా. నాకే మసకొచ్చింది, తెలుసుకోలేకపోయినా. ఈ అద్దాలు పెట్టుకున్నా తలనొప్పి తప్ప ఏం లేదు."

అల్లాబక్షు గోతాల పక్కనే కూర్చున్నాడు. "ఒక్కసారి వచ్చి చూసిపెట్టు. నీ కంటికి ఏది కనిపిస్తే అదే ఖాయం," అన్నాడు.

"పోయిన కళ్ళతోనా?"

"ఇద్దరివీ కలిపితే ఒక జత కాకపోద్దా."

సిలార్ నవ్వాడు. పదకొండేళ్ళకు నవ్వాడు. సూది గోతానికి గుచ్చి లేచాడు.

షెడ్డులోకి అడుగుపెట్టి, తన స్పానరు ఎప్పటి మేకుకే వేలాడుతుండటం చూశాడు. రాడ్డు తీసి అరచేతుల మధ్య తిప్పాడు.

"చేతికి తిన్నగానే ఉంది బావా. ఇప్పుడు చేతులు కూడా పోయినయ్యేమో."

గాజు మీద పెట్టి, వంగి, అద్దాలతో చూశాడు. అద్దాలు తీసి చూశాడు.

"వెలుగొస్తంది," అన్నాడు.

అల్లాబక్షు గుండె తేలికపడింది. తన కళ్ళు పోలేదు. రాడ్లే వంకర. డాక్టరుకు అదే చెప్పొచ్చు. అంతలోనే సిలార్ ముఖం చూసి ఆ తేలిక చప్పున పోయింది. సిలార్ తల దించుకుని ఉన్నాడు, ఆ రోజు రైతుల ముందు నిలబడ్డట్టే.

"అంటే ఆ రోజు కూడా వంగే ఉన్నయ్యన్నమాట. నా చేతులే అబద్ధం చెప్పినయ్," అన్నాడు.

పాత అలవాటు కొద్దీ, వెళ్ళేముందు గాజు తుడుద్దామని సిలార్ పలకను రెండు చేతులా ఎత్తి గోడకు ఆనించాడు. కింది దుమ్ము దులపడానికి బల్ల మీద అరచెయ్యి వేసి ఈ చివర నుంచి ఆ చివరకు లాగాడు. చెయ్యి నడుమ ఆగిపోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళింది.

"బావా, నీ చెయ్యి ఒకసారి ఇక్కడ పెట్టు."

అల్లాబక్షు పెట్టాడు.

ఆ వరద నీళ్ళకు నాని, పలచటి గాజు వంగేటంతగా బల్ల చెక్క నడుమ గుంట పడి ఉంది.