తొంభై తొమ్మిది సెంటీమీటర్లు

"తొంభై ఒకటి!" అంటూ భాగ్యశ్రీ కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

బిందుమాధవికి కడుపు భగ్గుమంది. పైలట్ పరీక్ష సాధనకని తన గదిలో పెట్టుకున్న కంప్యూటర్ తెర మీద ఒక చుక్క పరుగులు పెడుతుంటుంది. చేత్తో జాయ్‌స్టిక్ కర్రనీ, కాళ్ళతో పెడళ్ళనీ కదుపుతూ దాన్ని గడి దాటకుండా నిలపాలి. మధ్యలో ఎర్రదీపం వెలిగితే మీట నొక్కాలి. ఆ కర్రా, ఆ పెడళ్ళూ నాన్న తన కోసం కొన్నవి. కోచింగుకు వెళ్ళింది కూడా తనే. ఆటో నడిపే అంజన్న కూతురు భాగ్య, కాలేజీ స్నేహం కొద్దీ సాయంత్రం పూట వచ్చి కాసేపు కూర్చుని పోతుంది, అంతే. అయినా దాని మార్కు తొంభై దాటింది. తనది వారం నుంచీ డెబ్బై నాలుగు దగ్గరే మొరాయిస్తోంది. సొమ్మొకడిది, సోకొకడిది!

"ఎలా చేస్తున్నావే?" నవ్వు తెచ్చిపెట్టుకుని అడిగింది బిందు.

"ఏముంది? మదీన చౌరస్తా కాడ ట్రాఫిక్ల మా బాపు ఆటో నడిపి సూడు. చెయ్యి, కాలు, కన్ను అన్నీ ఒక్కపారే పనిచేస్తయ్. లేకుంటే గుద్దుడే!"

నాలుగు రోజుల్లో మైసూరులో ఇద్దరికీ ఎయిర్‌ఫోర్స్ పరీక్ష. విమానం నడపడానికి పనికొస్తారో లేదో తేల్చే అసలు యంత్రం ముందు జీవితంలో ఒక్కసారే కూర్చోనిస్తారు. తప్పితే మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు. తను తప్పి, ఇది గెలిచి, రేపు నాన్న కూడా "భాగ్యను చూడు" అంటే? ఆ ఊహకే బిందు నోరు చేదైపోయింది.

"పరీక్షతోనే అయిపోతదనుకుంటున్నవా?" అంది భాగ్య. "తర్వాత మెడికల్ల కాళ్ళు గూడ కొలుస్తరంట. గోడకు ఆనుకొని కూసొని కాళ్ళు సాపితే, గోడకెళ్ళి మడిమె దాంక తొంభై తొమ్మిది సెంటీమీటర్లు ఉండాలె. తక్కువుంటే పైలట్ కుర్సీ లేదు. రేపు రాహేలక్క తాన కొలిపిచ్చుకుందామా?"

రాహేలు ఛత్రినాకలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే టైలరు. తన కాళ్ళ గురించి బిందుకు దిగులు లేదు. భాగ్య కన్నా తను రెండు వేళ్ళు పొడుగు. కానీ ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఒక పురుగు ఆమె బుర్రను తొలుస్తూనే ఉంది.

మర్నాడు అనుకున్న వేళకు గంట ముందే వెళ్ళి రాహేలు మిషను పక్కన నిలబడింది.

"ఆంటీ, భాగ్య కాలు ఎంతున్నా సరే, తొంభై తొమ్మిదికి తక్కువనే చెప్పండి."

రాహేలు కుట్టడం ఆపింది. "గదేంది బిడ్డా? మీరిద్దరు దోస్తులు గదా?"

"దాని మంచికే ఆంటీ. దానికి విమానమంటే లోపల భయం. నా మాట కాదనలేక వస్తోంది." నోటికొచ్చింది చెప్పేసింది బిందు. "మా అమ్మ జాకెట్లన్నీ ఇక మీకే ఇప్పిస్తాను."

రాహేలు ఆమె మొహంలోకి చూసింది. ఏమనుకుందో ఏమో, "సరే తియ్" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అనుకున్న వేళకు భాగ్య రొప్పుతూ వచ్చింది. ఇద్దరూ గోడకు వీపులు ఆనించి, చాప మీద కాళ్ళు చాపారు. రాహేలు వాళ్ళ మడమల దగ్గర కూర్చుని, టేపును ఇంచీల వైపు నుంచి సెంటీమీటర్ల వైపుకు తిప్పి, ఒకరి తర్వాత ఒకరికి కొలిచింది.

"బిందుది నూటొక్కటి."

"ఇగ నాది?"

"తొంభై ఏడు."

భాగ్య మొహం వాడిపోయింది. "ఇంకోపారి సూడక్కా. మడిమె సక్కగ పెట్టలేదేమో."

రాహేలు మళ్ళీ కొలిచింది. మళ్ళీ తొంభై ఏడే అంది.

భాగ్య రెండు వేళ్ళ మధ్య సందు పెట్టి చూసుకుంది. "గింతనా? గింత దానికేనా?" అంది. కళ్ళు నిండిపోయాయి. చున్నీతో తుడుచుకుని బిందు చెయ్యి పట్టుకుంది. "పోనీ, నీది వచ్చింది గదా. నాకు గదే మస్తు. ఏం ఫికర్ చెయ్యకు, మనసు పెట్టి పరీక్ష చెయ్. నేను పోయి నా రైలు టికెట్ వాపస్ చేస్త."

"ఓ భాగ్యా, ఆగమాగం చెయ్యకు! రేపు వచ్చి కలువు, అప్పటిదాంక టికెట్ ముట్టకు," అని రాహేలు వెనకనుంచి కేకేసింది. భాగ్య తలూపి గల్లీ మలుపు తిరిగిపోయింది.

బిందు కడుపులో మంట చప్పున చల్లారింది. సిగ్గు కూడా వేసింది. కానీ మైసూరులో భాగ్య పక్కన ఉండదన్న సంతోషం ముందు సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది? పైగా ఈర్ష్యకు దురద ఎక్కువ. ఊరుకోలేక అడిగింది.

"చాలా థాంక్స్ ఆంటీ. ఇంతకీ దానిది నిజంగా ఎంతొచ్చింది?"

"నూటొక్కటి."

"అదేంటి? దానిదీ నాదీ ఒకటేనా?"

రాహేలు టేపు మెడలో వేసుకుంది.

"పొద్దుగాల్నే ఆ పిల్ల వచ్చి, 'బిందుది తక్కువొస్తే చెప్పకక్కా, ఫికర్తోని పరీక్ష ఖరాబు చేసుకుంటది, ఎక్కువే చెప్పు' అని నా చేతులు పట్టుకున్నది, ఇద్దరి మాటా కాదనలేక దానిది నీకు చెప్పిన, నీది దానికి చెప్పిన బిడ్డా."