తీగపాకం నూనె

“మెరిసేది నాకొద్దు నాయనా, బరువున్నది చూపించు” అంది గేరు పిన్ని.

కొట్టాయన చేతిలో నీలంరంగు అల్యూమినియం మూత తళతళలాడుతోంది. పికప్ బండి ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బిన గేర్ల డబ్బా ఒకటి ఉంటుంది చూడండి, దాన్నే డిఫరెన్షియల్ అంటారు. ఆ డబ్బాకి మూత కావాలి, లోపల పొయ్యడానికి నూనె కావాలి. అందుకే పిన్ని కోడల్ని వెంటేసుకుని, కొట్టు తెరవకముందే వచ్చి గుమ్మంలో నిలబడింది.

“అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు పిన్నిగారూ. మొన్న మీ వియ్యంకుడుగారు కూడా...”

“ఆయన పట్టుకెళ్లాడా? అయితే ఇక దాని మాటే ఎత్తకు.”

కోడలు మూతి బిగించి నవ్వాపుకుంది. పాపం, పందెంలో ఒకవైపు కన్నతండ్రి, మరోవైపు అత్తగారు. ఎటు చప్పట్లు కొట్టినా ఇంట్లో తంటానే.

రాళ్ల దిబ్బ ఎక్కే పందెంలో మూడేళ్లుగా గెలుపు వియ్యంకుడిదే. పోయినేడు పిన్ని పంతం పట్టి బండి ఎత్తు పెంచింది, పెద్ద చక్రాలు వేసింది. ఎత్తు పెరిగాక బండికి తూలుడు కూడా వచ్చింది. సగం దారిలో బోల్తా కొట్టింది. పిన్నికి దెబ్బ తగల్లేదు గానీ పరువుకి బాగానే తగిలింది. “బండి ఎత్తు పెంచేముందు పొగరు దించుకోవాలి చెల్లెమ్మగారూ!” అని వియ్యంకుడు నలుగురిలో అనేశాడు. ఆ రోజే కొడుకు తెగేసి చెప్పాడు. “ఈ వయసులో నీకీ పందేలేంటమ్మా? ఊరంతా నవ్వుతున్నారు. వచ్చే ఏడూ ఓడితే బండి అమ్మేద్దాం.” పిన్ని సరేనంది. ఆమె మాటంటే మాటే.

కొట్టాయన అరలన్నీ వెతికి, మూల పడున్న ఇత్తడి మూత తెచ్చాడు. “బరువని ఎవరూ కొనరండి దీన్ని.”

పిన్ని చేతిలో పట్టి చూసింది. “ఎత్తైన బండికి బరువు అడుగునుండాలి నాయనా. నిండుకుండ తొణకదు. ముందుకొకటి, వెనక్కొకటి ఇవ్వు. మరి నూనె?”

ఆయన ఓ సీసా ముందుకి తోశాడు. “పల్చటిదండి. గేర్లు గాలిలా తిరుగుతాయి.”

“గాలిలా తిరిగితే ఏమవుతుందో పోయినేడు చూశాంగా! ఒక చక్రం రాయి మీద గాల్లోకి లేచింది. బలమంతా దానికే పోయింది. నేలమీదున్న చక్రమేమో అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఉలకదు, పలకదు.”

“చిక్కటిదైతే స్పీడు తగ్గుతుంది మరి.”

“గుట్టెక్కేవాడికి పరుగెందుకు?”

మూడు సీసాల మూతలు తీయించింది. ఒక్కో చుక్క వేలికి రాసి, బొటనవేలు ఆనించి, మెల్లగా విడదీసి చూసింది. మొదటిది నీళ్లు. మూడోది ముద్ద. నడిమిది మాత్రం సన్నగా సాగి, తెగకుండా నిలబడింది.

“తీగపాకం!” అంది కోడలు ఉండబట్టలేక.

“మీ నాన్నకి చెప్పావో, ఊరుకోను.”

“చెప్పినా ఆయనకేం తెలుస్తుందత్తయ్యా? కాఫీ కూడా కలుపుకోలేడు.”

ఆ మధ్యాహ్నమే పిన్ని వరండాలో గోనెపట్టా పరుచుకుంది. పాత నూనె తుడిచి, కొత్తది పోసి, ఇత్తడి మూతలు పెట్టి మరలు బిగించింది.

ఆదివారం దిబ్బ చుట్టూ జనమే జనం. ముందు వియ్యంకుడి వంతు. నీలం మూత మెరుస్తూ బండి రివ్వున దూసుకెళ్లింది. ఆఖరి బండ దగ్గర ఒక చక్రం పైకి లేచి గిర్రున తిరిగింది. అంతే, బండి అక్కడే ఉండిపోయింది. గడువు ముగిసిందని ఈల మోగింది.

తర్వాత పిన్ని. బండి నిండు చూలాలిలా నెమ్మదిగా బయల్దేరింది.

“చెల్లెమ్మగారూ, భోజనాల వేళకైనా చేరుతుందా?”

“విస్తరి వేసుంచండి అన్నయ్యగారూ!”

ఆఖరి బండ వచ్చింది. చక్రం గాల్లోకి లేచింది. బండి పక్కకి ఒరిగింది. కొడుకు కళ్లు మూసుకున్నాడు. పిన్ని మాత్రం రెప్ప వాల్చలేదు, వేలు సడలించలేదు. అడుగున ఇత్తడి కిందికి లాగి పట్టింది. చిక్కటి నూనె బలమంతా గాల్లో చక్రానికే పోనివ్వలేదు, నేలమీది చక్రం ఉడుంపట్టు పట్టి కదిలింది. అంగుళం. ఇంకో అంగుళం. జెండా దాటేసింది!

ఈలలు, కేకలు. కోడలైతే కన్నతండ్రి పక్కనే నిలబడి అరచేతులు కందేలా చప్పట్లు కొట్టింది.

“అసలందులో ఏం పోశారు చెల్లెమ్మగారూ?” అన్నాడు వియ్యంకుడు, తెల్లమొహం వేసుకుని.

“మీరు దించుకోమన్నారుగా అన్నయ్యగారూ, ఆ పొగరే పోశా!”

ఆయనే ముందుగా పగలబడి నవ్వాడు. కొడుకు తల గోక్కుంటూ దగ్గరికొచ్చాడు.

“అమ్మే మాట ఇంకెప్పుడూ ఎత్తనమ్మా. అలసిపోయావు, బండి నాకివ్వు, ఇంటిదాకా నేను తెస్తా.”

“నువ్వా? నువ్వు కప్పు పట్టుకో చాలు.”

పిన్ని రిమోటు సంచిలో వేసుకుని, బండిని చంకన పెట్టుకుని బస్సెక్కింది.